లక్షలో ఇద్దరు

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు, కల్లూరులోని దావీదురాజు ఇంట్లో మిరపకాయ బజ్జీ మీద తగువు నడుస్తోంది. బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని సిద్ధమైంది. పక్క పొయ్యి మీద బజ్జీలు వేగుతున్నాయి. కర్నూలు జిల్లాలో పుట్టినవాడికి ఉగ్గాని పెట్టి బజ్జీ పెట్టకపోవడం మనిషిని అవమానించడమేనని దావీదురాజు వాదన. గొంతుకు అడ్డం పడితే ఎవరు జవాబు చెప్పాలని ఆయన భార్య కృపమణి వాదన.

"ఒక్కటే మణీ. లోపలి మిరపకాయ నువ్వే తిను. పైన పిండి నాకియ్యి."

"పైన పిండే గదయ్యా ఇరుక్కునేది! డాక్టరు ఏం చెప్పినాడు? మెత్తగా, జారుగా, కొంచెం కొంచెం పెట్టమన్నాడు."

"ఆ డాక్టరుది యా ఊరు?"

"హైదరాబాదు."

"అదీ సంగతి. ఉగ్గాని తెలీని మనిషి మాట మనమెందుకు వినల్ల?"

తల దువ్వుకుంటున్న కూతురు ఆరాధన పగలబడి నవ్వింది. ఆ పిల్ల వార్డు సచివాలయంలో పనిచేస్తుంది. తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి. అయినా ఈ తగువు ఎటు తేలుతుందో చూడకుండా ఏ రోజూ గడప దాటదు. దావీదురాజు మాటలు ఈ మధ్య ముద్దముద్దగా, సాగదీసినట్టు వస్తున్నాయి. కొత్తవాళ్లకు సగం అర్థం కావు. ఇంట్లోవాళ్లకు అలవాటైపోయింది కాబట్టి నేనూ వాటిని సాఫీగానే రాస్తున్నాను.

ఆయన టైలరు. వయసు యాభై ఏడు. కల్లూరులో ముప్పై ఏళ్లు అంగడి నడిపాడు. కిందటేడు ఒకనాడు గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర చేతిలోంచి జారిపోయింది. తర్వాత ఎడమకాలు ఈడవడం మొదలైంది. ఆ తర్వాత నాలుక మొద్దుబారింది. నాలుగు ఆసుపత్రులు తిరిగాక, మూడు నెలల కిందట హైదరాబాదు డాక్టరు పేరు చెప్పాడు: ఏఎల్‌ఎస్. కండరాలకు కదలమని చెప్పే నరాలు ఒక్కొక్కటే ఆరిపోయే జబ్బు. నయం చేసే మందు లేదు. నెమ్మదింపజేసే మాత్రలు కొన్ని ఉన్నాయి.

దావీదురాజు పది రోజులు ఏడ్చాడు. పదకొండో రోజు లేచి, తన కుట్టుమిషన్‌ను అంగడి నుంచి ఇంటికి తెప్పించి, కృపమణిని దాని ముందు కూర్చోబెట్టాడు. అప్పటినుంచి ఆయన కుర్చీలో కూర్చుని చెబుతాడు, ఆమె కత్తిరిస్తుంది. నడుము దగ్గర పట్టేసే జాకెట్లు మొదట రెండు మూడు వచ్చాయి కానీ, ఇప్పుడు వీధిలోవాళ్లు మళ్లీ గుడ్డలు తెచ్చిస్తున్నారు. ఆయనకు నిజంగానే సంతోషంగా ఉంది. తన పని తెలిసిన మనిషి ఇంకొకరు తయారవుతున్నారు. చూసేవాళ్లకు ఇది వింతగా ఉండొచ్చుగానీ, ఆయన ముఖం చూసినవాళ్లెవరూ ఆయన నటిస్తున్నాడనుకోరు.

ఆ డాక్టరును ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఎన్నాళ్లు బతుకుతాను" అని కాదు. "ఇది ఎంతమందికి వస్తాది సార్?" అని. లక్షమందిలో ఏడాదికి ఇద్దరికి కొత్తగా వస్తుందని డాక్టరు చెప్పాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో దావీదురాజు వేళ్లు మడిచి లెక్కవేశాడు.

"మన కర్నూల్లో ఎట్ల చూసినా ఐదు లక్షల మంది ఉండారు. అంటే ఏటా పది మంది. పది మందా! యాడుండారు ఆరాధనా వాళ్లంతా? ఒక్కరు గూడ కండ్లబడలేదే?"

ఇదంతా బాగానే ఉంది. బాగాలేనిది ఒకటుంది, అది కృపమణి ఒక్కదానికే తెలుసు.

"మణీ, ఎల్లుండి బల్ల ఉండాది గదా," అన్నాడు దావీదురాజు, ఉగ్గాని ముద్ద మింగి. నెల మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే కార్యక్రమాన్ని వాళ్లు బల్ల అంటారు. "రెండు నెల్లు తప్పిపోయింది. ఈసారి నన్ను తీసుకపో."

"మెట్లు ఎక్కల్ల గదయ్యా."

"నాలుగు మెట్లు. జయపాల్‌కు చెప్పు, కుర్చీతోపాటు ఎత్తుతారు."

ఆ పేరు వినగానే కృపమణి చేతిలో గరిటె ఆగిపోయింది. "చూద్దాంలే," అని పొయ్యి వైపు తిరిగింది.

జరిగిందేమంటే, రెండు నెలల కిందట ఒక ఇంట్లో ప్రార్థన కూటం పెట్టారు. దావీదురాజును ప్రార్థన చేయమన్నారు. నాలుక తిరగలేదు. బయటికొస్తూ గడప దగ్గర తూలి పడబోయాడు. మర్నాడు చర్చి సంఘం సెక్రెటరీ జయపాల్ వచ్చి, గేటు దగ్గరే కృపమణిని గొంతు తగ్గించి అడిగాడు. "వదినా, తప్పుగా అనుకోవద్దు. రాజన్న తాగుతాండాడా?"

కాదనడానికి ఆమె నోరు తెరిచింది. కాదంటే మరేమిటి అంటాడు. జబ్బు పేరు చెప్పాలి. పేరు చెబితే రేపు కోయిలకుంట్ల దాకా పోతుంది. కోయిలకుంట్లలో ఆరాధనకు సంబంధం కుదిరింది, ఇంకో మూడు నెలల్లో ప్రధానం, అంటే నిశ్చితార్థం. తండ్రికి నరాల జబ్బంటే, కూతురి రక్తంలోనూ ఉంటుందనరా? తాగుబోతుల కూతుళ్లకు పెళ్లిళ్లు కావడం లేదా, ఈ వీధిలోనే ఎన్ని చూడలేదు? ఇన్ని ఆలోచనలూ ఒక్క క్షణంలో తిరిగాయి. కృపమణి ఏమీ అనలేదు. చెంగుతో కళ్లు తుడుచుకుని లోపలికొచ్చేసింది.

జయపాల్ దాన్ని అవుననే అర్థం చేసుకున్నాడు. సంఘ పెద్దలు కూర్చున్నారు. మారుమనసు పొందేదాకా దావీదురాజుకు బల్ల ఇవ్వకూడదని తీర్మానించారు. ఎవరికి? "తాగి వచ్చినవారికి కొలతలు తీసుకోబడవు" అని అంగడికి బోర్డు కట్టుకున్న మనిషికి! ఆ కబురు కూడా జయపాల్ ఆమెకే చెప్పాడు. ఆమె తలూపింది. భర్తకు చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. ఒక నెల మోకాళ్ల నొప్పులన్నది, ఇంకో నెల ఆటో దొరకలేదన్నది.

బయట షేర్ ఆటో ఆగింది. దిగింది మహిమ, పెళ్లికొడుకు హెన్రీ తల్లి. కోయిలకుంట్ల దగ్గర మూడెకరాల్లో శనగ వేసుకుని, కొడుకును ఒంటిచేత్తో పెంచిన మనిషి. ఎప్పుడొచ్చినా సంచి నిండా శనగలు మోసుకొచ్చేది, ఈసారి ఉత్త చేతులతో వచ్చింది. అది చూసి కృపమణి పొయ్యి దగ్గరనుంచే గబగబా పలకరించింది.

"రాండి వదినా, కూర్చోండి. ఆరాధనా, అత్తకు నీళ్లియ్యి."

"నీళ్లొద్దులే వదినా. ఒక మాట చెప్పి పోతా." మహిమ గడప దగ్గరే నిలబడింది. "మా ఆయన తాగి తాగి పోయినాడు. మా వానికి అప్పుడు తొమ్మిదేండ్లు. తాగే ఇంటితో మళ్లీ సంబంధం పెట్టుకోనని ఆ దినమే దేవునికి మాటిచ్చినా. పిల్ల బంగారమే. కానీ మీ సంఘంలో రాజన్నను బల్లకు రానీయడం లేదంట గదా?"

"ఎవర్ని?" అన్నాడు దావీదురాజు. "నన్నా?"

ఆ రెండు మాటలూ ముద్దగా, సాగుతూ వచ్చాయి. మహిమ ముఖం పక్కకు తిప్పుకుంది. "చూడండి వదినా. పొద్దున్నే."

ఆరాధన నీళ్ల చెంబు కింద పెట్టేసింది. "అత్తా! మా నాయన తాగడమా? ఎవరు చెప్పినారు నీకు?"

"గాలి మాట పట్టుకుని వచ్చేదాన్ని కాదమ్మా నేను. మీ సెక్రెటరీ జయపాల్‌ను కలిసే వస్తాండా. సొంత పెండ్లామే ఒప్పుకునిందని చెప్పినాడు."

ముగ్గురూ కృపమణి వైపు చూశారు. మూకుడులో ఆఖరి బజ్జీ మాడుతోంది. ఆమె పొయ్యి ఆపి, అక్కడే కింద కూలబడింది.

"నేను ఒప్పుకోలేదు. కాదని చెప్పలేదు, అంతే," అంది. ఆ మీదట ఏడుస్తూ, ఆగుతూ మొత్తం చెప్పింది.

దావీదురాజు అరవలేదు. అరవడానికి ఆయనకు గొంతు సహకరించదు. ఆమె వైపు తల తిప్పాడు.

"అంటే, నేను పోయినాక గూడ నా పేరు తాగుబోతనే ఉండేదా మణీ?"

"లేదయ్యా. బిడ్డ పెండ్లి అయిపోనీ, అప్పుడు అందరికీ చెప్దామనుకున్నా."

"పెండ్లి అయ్యేదాక నేనుంటానని నీకెవరు చెప్పినారు?"

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆరాధన తల్లి ఎదురుగా చతికిలపడింది. "నా కోసమని చేసినావు గదమ్మా. నన్నొక మాట అడిగినావా? రోగమొచ్చినాయన కూతురంటే నాకేం సిగ్గు? చేయని తప్పుకు మా నాయన్ని వెలేస్తే, అది సిగ్గు కాదా నాకు?"

గడప దగ్గర మహిమ అటూ ఇటూ చూసింది. కోపంతో వచ్చిన మనిషికి ఆ కోపం ఎక్కడ దించాలో తెలియలేదు. "ఏం రోగమమ్మా?" అంది మెల్లగా.

ఆరాధన పేరు చెప్పింది, నరాల సంగతి చెప్పింది, ఏడాదికి లక్షలో ఇద్దరికే వస్తుందనీ చెప్పింది.

"అంటుకుంటాదా?"

"అంటుకోదత్తా. ఒకే గ్లాసులో తాగినా, ఒకే మంచంలో పండుకున్నా రాదు."

"మరి రక్తంలో? నేను ఉన్నదున్నట్ల అడుగుతాండా, ఏమనుకోవద్దు. రేపు నీకు గానీ, నీ పిల్లలకు గానీ..."

కృపమణి భయపడ్డ ప్రశ్న వచ్చేసింది. ఆమె కళ్లు మూసుకుంది. ఆరాధన మాత్రం తడబడలేదు. డాక్టరును ఇదే ప్రశ్న తానూ అడిగింది.

"అడగాల్సిందే అత్తా. పది మందిలో తొమ్మిది మందికి, ఆ మాటకొస్తే అంతకంటే ఎక్కువ మందికి, ఇంట్లో ఇంకెవరికీ ఉండదు. ఎందుకొచ్చిందో డాక్టర్లకే తెలీదు. మిగిలినోళ్లకు వంశంలో వస్తాది. మా తాతల నాటి నుంచి అడిగినాడు డాక్టరు, మా ఇంట్లో యెవరికీ లేదు. అందుకని భయపడొద్దన్నాడు. రానే రాదని మాత్రం రాసియ్యలేనన్నాడు. ఎక్కువగా యాభై దాటినోళ్లకు వస్తాదంట, ఆడోళ్లకంటే మొగోళ్లకు కొంచెం ఎక్కువంట. పడుచోళ్లకు గూడ అప్పుడప్పుడు వస్తాది. తాగితే వచ్చేది కాదు, పాపం చేస్తే వచ్చేది కాదు."

"హెన్రీకి చెప్పల్ల ఇదంతా."

"తెల్సు ఆయప్పకు. డాక్టరు పేరు చెప్పిన దినమే ఫోన్ చేసి చెప్పినా."

మహిమ నోరు తెరుచుకుంది. "వానికి తెల్సా? మూడు నెల్లుగానా? నాతోపాటు చేన్లో శనగ పెరికినాడు, ఒకే కంచంలో తిన్నాడు, ఒక్క మాట అన్లేదే!"

"నేనే చెప్పొద్దన్నా అత్తా. అమ్మ ఎవరికీ చెప్పొద్దనింది."

"మరి వానికెందుకు చెప్పినావు?"

"ఆయప్ప ఎవరో కాదు గదా!"

దావీదురాజుకు నవ్వొచ్చింది. ఈ జబ్బుతో నవ్వు మొదలైతే ఒక పట్టాన ఆగదు. కుర్చీలో ఊగిపోతూ నవ్వాడు. మహిమ ఆయన వంక చూసింది. గడప దిగి పోతుందనుకున్నారు అందరూ. పోలేదు. లోపలికొచ్చి, ఆయన ఎదురుగా చాప మీద కూర్చుంది.

"తప్పయింది రాజన్నా. నీ ముఖం జూసి గూడ ముఖం తిప్పుకున్నా." మళ్లీ తనే అంది. "లక్షలో ఇద్దరికంట! మా ఆయనకొచ్చిన రోగం వీధికి పది మందికి ఉండాది. సంబంధం మాట్లాడేటప్పుడు దాన్ని రక్తంలో ఉందా అని యెవరూ అడగరు."

అప్పుడు నీళ్లడిగి తాగింది. కాస్సేపటికి, పొద్దున బస్సెక్కేటప్పుడు ఏమీ తినలేదని గుర్తొచ్చి ఉగ్గాని కూడా పెట్టించుకుంది. దావీదురాజు ఆమె చేతిలోని బజ్జీ వైపు చూసిన చూపుకు ఆరాధన మళ్లీ నవ్వింది. సచివాలయానికి ఆ రోజు గంట ఆలస్యంగా పోయింది.

వెళ్తూ వెళ్తూ మహిమ గేటు దగ్గర కృపమణి చేయి పట్టుకుంది. "ప్రధానం తేదీ మారదు వదినా. కానీ నాకో మాటియ్యల్ల. నిజం నలుగురిలో చెప్పల్ల. తాగుబోతింటి నుంచి కోడల్ని తెచ్చుకున్యానంటే మా ఊర్లో నేను తలెత్తుకోలేను."

కృపమణి తలూపింది.

ఆ పగలంతా దావీదురాజు భార్యతో మాట్లాడలేదు. ఆమె అన్నం మెత్తగా పిసికి పెడితే తిన్నాడు, మందు ఇస్తే మింగాడు, అంతే. మధ్యాహ్నం ఎదురింటావిడ జాకెట్టు గుడ్డ ముందేసుకుని కృపమణి సుద్దతో గీతలు గీసింది. కళ్లలో నీళ్లు నిండి గీత ఎక్కడుందో సరిగా కనబడడం లేదు. కత్తెర పెట్టబోయింది.

"ఆగు," అన్నాడాయన. "చంక దగ్గర రెండు వేళ్లు వదులు. ఆయమ్మ లావైంది ఈ మధ్య."

పొద్దున్నుంచి అదే మొదటి మాట. కృపమణి కత్తెర పక్కనపెట్టి భోరుమంది.

"గుడ్డ మీద ఏడవద్దు మణీ, మరకైతాది."

"నన్ను తిట్టయ్యా. తిడితే నాకు బాగుంటాది."

"తిట్టల్లంటే శానాసేపు పడతాది నాకు." ఆయన ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు బిడ్డ కోసం చేసినావు. నాకు తెల్సు. కోపం ఉండాది, లేదని చెప్పను. అదే పోతాది. ఆదివారం నువ్వు చెప్పు. నేను చెప్తే మళ్లా తాగొచ్చినాడంటారు."

చివరి మాటకు ఆమెకు ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆదివారంనాడు కూతురు ఆరాధన, ఇద్దరు ఆటోవాళ్లు కలిసి దావీదురాజును కుర్చీతో సహా నాలుగు మెట్లూ ఎక్కించారు. చర్చిలో తలలు తిరిగాయి. ముందు వరుసలో ఉన్న జయపాల్ లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. పాటలైపోయాయి. దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పుకునే సాక్ష్యం ఎవరైనా చెబుతారా అని పాస్టరయ్య అడిగాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ చర్చికి వస్తూ ఒక్కసారి కూడా సాక్ష్యం చెప్పని కృపమణి లేచి నిలబడింది.

"నా మొగుడు తాగలేదు," అంది. అలా మొదలుపెట్టాలని ఆమె అనుకోలేదు. అదే వచ్చింది. "ఒక్క చుక్క గూడ, ఎప్పుడూ తాగలేదు. ఆయనకు ఏఎల్‌ఎస్ అని జబ్బు. కాళ్లు తూలేది దానికే, మాట ముద్దగా వచ్చేది దానికే. బుద్ధి మాత్రం మన అందరికంటే బాగుండాది. జయపాల్ అడిగితే నేను కాదని చెప్పలేదు. బిడ్డకు పెండ్లి కాదేమోనని భయపడి, దేవుని మనిషి మీద నింద మోపినా. నన్ను క్షమించండి."

ఆమె ముక్కు తుడుచుకుంది.

"ఇంకో మాట. ఈ జబ్బు లక్షమందిలో ఏడాదికి ఇద్దరికే వస్తాదంట. అయినా ఏటా పది మంది లెక్కన, మన ఊర్లోనే ఇప్పుడు ఇరవై, పాతిక మంది ఉంటారంట. వాళ్లు యాడుండారా అని మా ఆయన దినమూ అడుగుతాడు. నాకిప్పుడు తెలిసింది. వాళ్లంతా ఇండ్లల్లోనే ఉండారు. మనమే వాళ్లను ఇంకేదో పేరు పెట్టి పిలుస్తాండాము."

ఆ పూట పాస్టరయ్య వేదిక మెట్లు దిగి, రొట్టెను ద్రాక్షారసంలో నానబెట్టి, దావీదురాజు దగ్గరికే తెచ్చి నోట్లో పెట్టాడు. ఆయన మెల్లగా మింగి, కళ్లు మూసుకున్నాడు. పక్కన ఆరాధన గట్టిగా ముక్కు చీదింది.

ప్రార్థన ముగిశాక జనం ఒక్కొక్కరే వచ్చి ఆయన చేయి తాకి పోయారు. అందరూ పోయేదాకా జయపాల్ గోడ పక్కన నిలబడ్డాడు. క్షమాపణ అడుగుతాడనుకుంది కృపమణి. అడగలేదు. వచ్చి, కుర్చీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"రాజన్నా, మా అన్న ఏసన్న నీకు గుర్తుండాడా?"

దావీదురాజు కళ్లతోనే అవునన్నాడు. ఏసన్న రాళ్ల పాలీషు పనికి పోయేవాడు. పద్దెనిమిదేళ్ల కిందట చనిపోయాడు. తాగి చనిపోయాడని ఊరంతటికీ తెలుసు.

"వానికి గూడ మాట ఇట్లే వచ్చేది. నడస్తా నడస్తా పడిపోయేటోడు. చేతిలో గ్లాసు నిలిచేది కాదు. వాసన రాలేదురా అని మా అమ్మ చెప్తానే ఉనింది. నేను వినలేదు. ఇంట్లోకి రానీయలేదు. ఆరు నెల్లు గొడ్ల కొట్టంలో పండుకున్యాడు. ఆడనే పోయినాడు." జయపాల్ తలెత్తి ఆయన ముఖంలోకి చూశాడు. "చెప్పన్నా. మా అన్న తాగలేదా?"

దావీదురాజు పెదవులు కదిపాడు. చాలాసేపు పట్టింది. మాట ముద్దముద్దగా వచ్చి జయపాల్‌కు అర్థం కాలేదు. అతను కృపమణి వైపు చూశాడు.

"ఆ సంగతి ఇప్పుడు మనకు తెలీదంటాండాడు," అంది కృపమణి. భర్త నోటి వంక చూస్తూ, మిగతాది కూడా విని చెప్పింది. "తెలీనప్పుడు తాగినాడని ఎందుకనుకుంటావప్పా? రోగమొచ్చిందనుకో. ఇంట్లోకి పిలుచుకో మీ అన్నను, అంటాండాడు."

జయపాల్ దావీదురాజు మోకాళ్ల మీద తలపెట్టి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. దావీదురాజు అతని తల నిమరాలని చేయి ఎత్తబోయాడు. చేయి ఒడిలోంచి లేవలేదు. కృపమణి వంగి, భర్త చేతిని తన రెండు చేతులతో తీసి, జయపాల్ తల మీద పెట్టి, జారిపోకుండా అలాగే పట్టుకుని నిలబడింది.